మోచేతి దాకా సర్కారు వారిది

డిసెంబరు వస్తే చలికి వణికేవాళ్ళు కొందరే ఉంటారు గానీ, జాబితాలు వేసేవాళ్ళు ఊరంతా ఉంటారు. ఈ ఏటి మేటి పాట, ఈ ఏటి మేటి ఫైటు, ఈ ఏటి మేటి ఏడుపు, ఇవన్నీ పాతబడిపోయాక 'ఈ ఏటి మరపురాని షాటు' అనే కొత్త మోజు జనానికి పట్టుకుంది. సినిమా ఎలా ఉందంటే ఎవడికీ గుర్తుండదు. కథేమిటంటే బుర్ర గోక్కుంటాడు. కానీ "రెండో పాట ముందర వానలో కెమెరా అలా జరుగుతుంది చూడూ" అంటూ రెండు చేతుల వేళ్ళూ పలకలా పెట్టి, అందులోంచి మనల్నే చూస్తాడు. టీ కొట్టు దగ్గరా ఇదే గోల, పెళ్ళి భోజనాల్లోనూ ఇదే గోల. మోజు జనానికి పట్టినంతకాలం ఎవరికీ నష్టం లేదు. అది ప్రభుత్వానికి పట్టినప్పుడే చిక్కు.

రేవుపాలెంలో కొప్పిశెట్టి సత్తిపండుకి ఈ గొడవలేవీ తెలియవు. గోదారి గట్టు కింద చిన్న ఊరది. అక్కడ సత్తిపండు, అతని భార్య నాగరత్నం పూతరేకులు చేసి బతుకుతారు. పొయ్యి మీద కుండ బోర్లించి, బియ్యప్పిండి జారులో పల్చటి గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఇలా వేసి అలా తీస్తే రేకు వస్తుంది. ఆ ఇలా వేసి అలా తీయడం నాగరత్నం కుడిచేతికి వచ్చినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. ఆమె తీసిన రేకు అడ్డం పెట్టుకుంటే అవతల మనిషి మీసం కూడా కనిపిస్తుంది. సత్తిపండు పని పంచదార పొడి చల్లడం, నెయ్యి రాయడం, మడత పెట్టడం, భార్య చేత తిట్లు తినడం. నాలుగూ శ్రద్ధగానే చేస్తాడు.

రేకుకి పగవాడు తేమ. కాస్త చెమ్మ తగిలిందంటే నోట్లో కరగాల్సింది వేలికి అంటుకుంటుంది. అలాంటి పని చేసుకునేవాళ్ళ ఇల్లు కారుతుంది. తాతల నాటి పెంకుటిల్లు. వానొస్తే బయటికంటే లోపలే ఎక్కువ కురుస్తుందని నాగరత్నం అంటుంది. అది కొంచెం కోపం మీద చెప్పిన మాట. లోపలా బయటా సమానంగానే కురుస్తుంది.

కిందటి శ్రావణంలో ఎవరో సినిమావాళ్ళు వాళ్ళ సందులో షూటింగు పెట్టారు. కథానాయిక వానలో తడుస్తూ సందు ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తాలి. ఆమె పరుగందుకున్న క్షణాన్నే సత్తిపండు ఇంట్లో చూరు కింద పెట్టిన బకెట్టు నిండింది. గడపలోంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి బయటికొచ్చి బకెట్టు అందించింది. మాసిన గడ్డం, గళ్ళ లుంగీతో అరుగు మీదున్న సత్తిపండు దాన్నందుకుని, ఆకాశం వంక ఒకసారి చూసి, నీళ్ళు సందులోకి విసిరాడు. ఎవరో 'కట్' అని అరిచారు.

"తప్పయిపోయిందండి బాబూ, చూసుకోలేదండి" అని సత్తిపండు దండం పెట్టాడు.

డైరెక్టరు కాసేపు తల పట్టుకుని, తర్వాత తలెత్తి, "ఉంచేద్దాం" అన్నాడు. నాగరత్నం అందరికీ తలో పూతరేకూ పెట్టింది. వాళ్ళు తిని, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయారు. జరిగిందల్లా అంతే.

ఏడాది చివర్లో జనం ఓట్లు వేసి మరపురాని షాట్లు ఎంచితే మొదటి స్థానం దానికే వచ్చింది. కథానాయిక పరుగు ఎవరికీ పట్టలేదు. వెనకాల బకెట్టు మనిషే అందరి గుండెల్లోనూ మఠం వేసుక్కూర్చున్నాడు. ఆ నీళ్ళు విసరడంలో మానవజాతి నిస్సహాయత మొత్తం ఉందని ఒక విమర్శకుడు రాశాడు. ఆకాశం వంక చూసిన ఆ చూపు దేవుణ్ణి నిలదీయడమేనని ఇంకొకాయన రాశాడు. వాన ఎప్పుడు తగ్గుతుందా అని సత్తిపండు పైకి చూశాడు, అంతకంటే ఏమీ లేదు. గడపలోంచి వచ్చిన చేతి మీదైతే ఒక కుర్రకవి ఏకంగా కావ్యమే మొదలెట్టాడు.

ఆ షాటు చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో ఒక మంత్రిగారు కూడా ఉన్నారు. జనం గుండెల్లో నిలిచిన దృశ్యాలు నేల మీద కూడా నిలవాలని ఆయనకు తోచింది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, తెల్లారేసరికి 'మరపురాని దృశ్యాల పరిరక్షణ మండలి' పుట్టింది. దానికి ఒక భవనం, కొన్ని జీపులు, బోలెడంతమంది అధికారులు, ఒకే ఒక్క నియమం. జాబితాకెక్కిన షాటునందు ఏయే వస్తువులు ఏ విధముగా ఉన్నవో, అవి ఆ స్థలమునందు ఆ విధముగానే ఎల్లప్పుడూ ఉండవలెను.

మాఘమాసం పెళ్ళిళ్ళు ముంచుకొస్తున్నాయి. రేకులకి గిరాకీ వచ్చే రోజులు. సత్తిపండు ఎలాగోలా కొత్త పెంకులు తెచ్చి, అప్పలకొండ అనే పనివాణ్ణి కప్పు మీదికి ఎక్కించాడు. అప్పలకొండ మొదటి పెంకు మీద చెయ్యి వేశాడో లేదో, సందులోకి జీపు దూసుకొచ్చింది. అందులోంచి కళ్ళజోడు, కండువా, ఆ రెండింటి మధ్యన మార్తాండరావు గారు దిగారు. ఆయన మండలి సంయుక్త సంచాలకులు.

"అవరోహింపుడు! తక్షణమే అవరోహింపుడు!" అని ఆయన కప్పు వంక చూసి కేక పెట్టారు.

అప్పలకొండకి అది తిట్టో దీవెనో తెలియక రెండు చేతులూ జోడించాడు. జీపు డ్రైవరు బుల్లబ్బాయి కిటికీలోంచి తల బయటపెట్టి, "కిందకి దిగమంటన్నారహో" అని తెలుగులోకి మార్చాడు. ఆయన దగ్గర ఉద్యోగం చెయ్యడంలో బుల్లబ్బాయి చేసే అసలు పని అదే. జీపు నడపడం ఖాళీ దొరికినప్పుడు.

"తమ గృహ పైకప్పునందలి రంధ్రములు నేటి నుండి రాష్ట్ర ప్రజల ఉమ్మడి సంపదగా ప్రకటింపబడినవి" అన్నారు మార్తాండరావు గారు.

"ఆయ్, చాలా సంతోషమండి. మరైతే ఆ సంపదేదో మీరు పట్టుకుపోండి. మేం కొత్త పెంకులేయించేసుకుంటాం" అన్నాడు సత్తిపండు.

"రంధ్రమును తరలించుట సాంకేతికముగా అసాధ్యము. ఉన్న చోటనే పరిరక్షింపవలెను."

"కారిపోతందండి బాబూ. రేకులన్నీ మెత్తబడి మెతుకులైపోతన్నాయండి."

"కారుటయే దృశ్యమునకు ప్రాణము. తమరు నీటిని పారబోసిరి కనుక ప్రజలు విలపించిరి. గృహము కారనిచో తమరు ఏమి పారబోయుదురు? ప్రజలు ఎట్లు విలపింతురు?"

ప్రజలు ఏడవాలంటే తన ఇల్లు కారాలని సత్తిపండు ఎప్పుడూ ఆలోచించలేదు. ఇంతలో నాగరత్నం పిండి చేత్తోనే బయటికొచ్చి, "పొద్దున్నే ఏంటయ్యా ఈ గోల? ఎవరీయన?" అంది. మార్తాండరావు గారు ఆమె ముఖం చూడలేదు. ఆమె చేతిని చూశారు. సంచిలోంచి షాటు ఫొటో తీసి, భూతద్దం పెట్టి, ఫొటోనీ చేతినీ మార్చి మార్చి పరిశీలించి, రెండడుగులు వెనక్కి వేసి ఆ చేతికి నమస్కారం పెట్టారు.

"ఇదియే ఆ హస్తము!"

"చెయ్యి కాపోతే కాలనుకున్నారా?" అంది నాగరత్నం.

"అమ్మా, షాటునందు తమ కుడిచేయి మోచేతి వరకు మాత్రమే అగుపించినది. కావున అంతవరకు పరిరక్షిత ప్రాంతము. మిగిలిన తమ భాగముతో మండలికి ఎట్టి సంబంధమూ లేదు. అది ఎచ్చటికైనను పోవచ్చును."

"అంటే మోచెయ్యి ఇక్కడ దిగబెట్టి, మిగతా నన్ను పుట్టింటికెళ్ళమంటారా?"

"అది తమ వ్యక్తిగత విషయము. కానీ పరిరక్షిత హస్తమునకు అగ్నితో సాంగత్యము నిషిద్ధము. వేడి కుండను తాకరాదు. బొబ్బ లేచినచో దృశ్యభంగము. దృశ్యభంగము శిక్షార్హము."

బుల్లబ్బాయి నాగరత్నం వంక జాలిగా చూసి, గొంతు తగ్గించి, "రేకులు తియ్యకూడదంటన్నారమ్మా. తీస్తే కేసంట" అన్నాడు.

నాగరత్నం నోట మాట రాలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సత్తిపండు ఆ వింత చూడటం అదే మొదలు. ఆమె తిడితే అతనికి అలవాటే. తిట్టకుండా గుమ్మం పట్టుకుని నిలబడిపోయేసరికి అతనికి నిజంగా భయం వేసింది.

ఆ రోజు నుంచి రేవుపాలెంలో షాటు బతకడం మొదలుపెట్టింది, సత్తిపండు బతకడం మానేశాడు. మాఘమాసంలో వానలేమిటని ఎవరూ అడగలేదు. సాయంత్రమయ్యేసరికి ఫైరింజను వచ్చి సందు మీద వాన కురిపించేది. కప్పు కారేది. బకెట్టు నిండేది. నాగరత్నం గడపలోంచి మోచేతి దాకా చెయ్యి చాపేది, సత్తిపండు ఆకాశం వంక చూసి నీళ్ళు విసిరేవాడు. కథానాయిక బదులు మండలి టైపిస్టు ఒకావిడ ఫైలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తేది. జనం బస్సులు వేసుకొచ్చి, గోదారి గట్టు మీద కూర్చుని, బొండాలు తింటూ విలపించేవారు. ఊళ్ళో మిగతావాళ్ళకి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. కుర్చీలు అద్దెకిచ్చేవాళ్ళూ, గొడుగులమ్మేవాళ్ళూ, 'బకెట్టు బావ' బొమ్మ ఉన్న చొక్కాలు కుట్టేవాళ్ళూ. "నీకేంటి పండూ, దర్జాగా సర్కారే నీ ఇల్లు కారబెడతంది" అని పొరుగువాళ్ళు కుళ్ళుకునేవారు.

గడ్డం దగ్గర పెద్ద చిక్కొచ్చింది. షాటులో ఉన్నంత గడ్డమే రోజూ ఉండాలి. గీసుకుంటే తక్కువవుతుంది, మానేస్తే ఎక్కువవుతుంది. మార్తాండరావు గారు దీని మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఆలోచించి ఆలోచించి, పెరుగుదలను నిరోధించుటకు గాను సదరు వ్యక్తికి గడ్డము విషయమై నచ్చజెప్పవలెనని తీర్మానించింది. నచ్చజెప్పినా గడ్డం వినలేదు. చివరికి ఒక అధికారి స్కేలు, కత్తెర పట్టుకుని పొద్దున్నే వచ్చి సత్తిపండు దవడ మీద కొలతలు వేసేవాడు. లుంగీ చిరిగిపోతే అచ్చం అలాంటి గళ్ళ లుంగీ తెచ్చారు గానీ అది కొత్తది. షాటులోది వెలిసిపోయింది. అందుకని మండలి భవనంలో సెక్షను ఆఫీసర్లు వంతులవారీగా ఆ లుంగీ కట్టుకుని, ఎండలో కూర్చుని ఫైళ్ళు చూసి దాన్ని వెలిసిపోయేట్టు చేశారు. ఆ ఒక్క పని మాత్రం మండలి అనుకున్న రోజుకి పూర్తిచేసింది.

"మీ పని నయమే" అని ఓనాడు బుల్లబ్బాయి సత్తిపండుకి చెప్పాడు. "జాబితాలో రెండోది రైలు గేటు షాటండి. గేటు పడితే జనం సైకిళ్ళతో నిలబడి ఉంటారు. అందుకని ఆ గేటు ఇంకెత్తరు. జనం విసిగిపోయి వేరే దారి పట్టారు. దాంతో గేటు దగ్గర నిలబడేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు నిలబడటానికి ఉద్యోగాలేశారండి. డిగ్రీ ఉండాలంట. మా బావమరిది పరీక్ష రాశాడు."

"పాసయ్యాడా?"

"రాతలో పాసేనండి. నిలబడే పరీక్షలో కూర్చుండిపోయాడు. మూడోదేమో బస్సు మీద మేక షాటు. ఆ మేక బస్సు దిగడానికి వీల్లేదు. దిగితే ఆ డిపో మేనేజరు సస్పెండు. పాపం ఆయన కూడా పైనే ఉంటన్నాడు, మేత పెట్టుకుంటా."

నవ్వొచ్చే మాటలే గానీ సత్తిపండు నవ్వలేదు. నిండా మునిగినవాడికి చలేమిటని మొదట్లో సర్దుకున్నాడు. కానీ ఇంట్లో నాగరత్నాన్ని చూస్తే సర్దుకోలేకపోయాడు. ఆమె తీయాల్సిన పెళ్ళి రేకులన్నీ పక్క ఊరి వాళ్ళకి పోయాయి. ఎడమచెయ్యి మండలిది కాదు కదా అని, తలుపులేసుకుని ఎడంచేత్తో ప్రయత్నం మొదలెట్టింది. గుడ్డ వేస్తే ముడత పడింది. తీస్తే రేకు రాలేదు, అట్టు వచ్చింది. మళ్ళీ వేసింది. చిరిగింది. పైనుంచి ఫైరింజను నీళ్ళు కుండ మీద పడి చుయ్యిమన్నాయి. మహాతల్లి, ఊరినంతా నోటితో గెలిచిన మనిషి, ఆ మెత్తబడ్డ అట్టు ముక్క అరచేతిలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఈ చెయ్యి లేనిదానికి నేనెవర్నయ్యా? ఇంట్లో ఒక మనిషిని, అంతేగా?" అంది.

తన సంగతి పోనీ, తను పంచదార చల్లేవాడే. ఆమె చేతిని కట్టేస్తే మాత్రం ఊరుకోకూడదనుకున్నాడు సత్తిపండు. మర్నాడు లుంగీ విప్పి పంచె కట్టుకుని, ఆ అట్టు ముక్కనే కాగితంలో చుట్టుకుని పట్నంలో మండలి భవనానికి బయల్దేరాడు.

భవనం బ్రహ్మాండంగా ఉంది. అద్దాలు, మెట్లు, మెట్ల పక్కన కుండీలు. పైగా ఆ వేళ అకాల వర్షమొకటి పట్టుకుంది. లోపలికెళ్ళిన సత్తిపండుకి ఒక్కసారిగా సొంత ఇంటికొచ్చినట్టనిపించింది. కారణమేమిటా అని చూస్తే, వరండా పొడుగునా బకెట్లు పెట్టి ఉన్నాయి. సమావేశ మందిరంలో బల్ల మీద కూడా ఒకటుంది. అధికారులు ఫైళ్ళు ఒడిలో పెట్టుకుని, గొడుగుల కింద కూర్చుని, పరిరక్షణ గురించి చర్చిస్తున్నారు. సత్తిపండు అట్టు ముక్క బల్ల మీద పెట్టి విన్నపం మొదలుపెట్టబోతుండగా బల్ల మీది బకెట్టు నిండింది. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా? అందుకుని, పైకొకసారి చూసి, కిటికీలోంచి బయటికి విసిరాడు. మందిరమంతా చప్పట్లు మోగాయి. ఇద్దరు అధికారులు విలపించారు.

"సారూ, మీ భవనం కూడా కారతందండి. మా ఇంటికంటే బాగా కారతంది. దీన్నే కాపాడుకోండి, మమ్మల్నొదిలెయ్యండి" అన్నాడు సత్తిపండు చేతులు జోడించి.

"ఇది కారుట కాదు. నూతన కట్టడములయందు కలుగు సహజమైన ఆర్ద్రత" అన్నారు మార్తాండరావు గారు, ముక్కు మీద పడ్డ చుక్క తుడుచుకుంటూ. "దృశ్యము రేవుపాలెముననే ఉన్నది. అన్యత్ర లేదు."

సత్తిపండుకి ఒళ్ళు మండిపోయింది. "లేకపోతే కట్టుకోండి! అంత సరదాగా ఉంటే మా ఇల్లులాంటిదే ఇంకోటి ఈ పక్కనే కట్టుకుని రోజూ కారబెట్టుకోండి!"

మందిరంలో గొడుగులన్నీ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి. తన పని అయిపోయిందనుకున్నాడు సత్తిపండు. మార్తాండరావు గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో మెరుపు.

"కట్టుట!" అన్నారు. "అంచనాలు! మంజూరు! శంకుస్థాపన! ఇన్నాళ్ళు మనము ఒక్క ఇటుకయైనను పేర్చకుండ పరిరక్షించుచున్నాము. ఇది ఏ విధమైన పరిపాలన?"

అందరూ సిగ్గుతో తలలొంచుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది. పని ధనంజయరావు అనే కంట్రాక్టరుకి ఇచ్చారు. మండలి భవనం కట్టింది ఆయనే. అంతకుముందు ఆయన కట్టిన బడులూ, ఆసుపత్రులూ, బస్టాండులూ ఒక్కటి కూడా కారకుండా లేదు. కారే ఇల్లు కట్టడానికి అంతకంటే అనుభవజ్ఞుడు ఎక్కడ దొరుకుతాడు?

ఇల్లు లేచింది. అరుగు, చూరు, గడప, సందుతో సహా అచ్చుగుద్దినట్టుంది. కారుతుందా లేదా అని చూసే తీరిక ఎవరికీ లేకపోయింది, మంత్రిగారికి ముహూర్తం ఆ రోజే కుదిరింది. రిబ్బను కత్తిరించిన చేత్తోనే ఆయన ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. ఇకపై ఇదే మూలగృహము. ఆ ఉత్తర్వు పట్టుకుని జీపు మళ్ళీ రేవుపాలెం వచ్చింది. మార్తాండరావు గారి ముఖం ఈసారి గంభీరంగా ఉంది.

"తమ గృహము మండలి వారి మూలగృహమును అక్షరాలా అనుకరించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇది నకలు. నకలు నేరము. పైకప్పు రంధ్రములను సత్వరమే పూడ్చి, పోలికలను రూపుమాపనిచో కఠిన చర్య తీసుకొనబడును. సదరు హస్తము సైతము నేటి నుండి సాధారణ హస్తము. దానిని పరిరక్షితమని చెప్పుకొనరాదు."

సత్తిపండు గుండె చిక్కబట్టుకుని బుల్లబ్బాయి వంక చూశాడు.

"కప్పు బాగుచేయించుకోకపోతే జైల్లో పెడతారంటండి" అన్నాడు బుల్లబ్బాయి పళ్ళు ఇకిలించి.

సత్తిపండు గబుక్కున తువ్వాలు నోటికడ్డం పెట్టుకున్నాడు, అధికారి ముందు నవ్వితే మళ్ళీ ఏ ఉపసంఘం పడుతుందోనని. "చిత్తమండి. తప్పయిపోయిందండి. ఇప్పుడే పూడ్చేస్తామండి" అని వంగి వంగి దండాలు పెట్టాడు. జీపు మలుపు తిరక్కముందే అప్పలకొండ కప్పెక్కేశాడు. పాత పెంకు ఒక్కటి మిగల్చలేదు. కొత్త పెంకులు ఎండలో ఎర్రగా మెరిశాయి. పోలికలు రూపుమాపమన్నారు కదా అని నాగరత్నం గోడలకి నీలం సున్నం కూడా వేయించింది.

తనిఖీకి ఫైరింజనే వచ్చింది. కప్పు మీద ఎడాపెడా నీళ్ళు కొట్టారు. మార్తాండరావు గారు ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూల దాకా అరచెయ్యి చాపుకుని తిరిగారు. ఒక్క చుక్క పడలేదు. "నేరము సంపూర్ణముగా సరిదిద్దబడినది" అని రాసి సంతకం పెట్టారు. అదే గదిలో ఆ పక్కనే నాగరత్నం కుండ బోర్లించి మంట పెట్టింది. గుడ్డ జారులో ముంచి, కుండ మీద ఇలా వేసి అలా తీసింది. రేకు గాలికి వణికింది. చాన్నాళ్ళకి తీసిన ఆ మొదటి రేకు అవతల సత్తిపండు ముఖం కనిపిస్తే, "ఏంటా చూపు? పంచదార చల్లు" అని కసిరింది. ఆ తిట్టు విని సత్తిపండు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడితో కథ అయిపోతే మండలికి మర్యాదగా ఉండేది. కానీ పట్నంలో కొత్త ఇల్లు కారలేదు. నీళ్ళు పోశారు, కారలేదు. రెండు ఫైరింజన్లు పెట్టారు, కారలేదు. ధనంజయరావు నెత్తిన చేతులు పెట్టుకుని, "నా సర్వీసులో ఇలాంటి అప్రతిష్ఠ ఎప్పుడూ రాలేదండి! ఎప్పుడూ వాడే ఇసకే, ఎప్పుడూ వేసే సిమెంటే, ఎప్పటి మేస్త్రీలే" అని వాపోయాడు. చిల్లులు పెడదామంటే ఇంజినీర్లు వద్దన్నారు, ఆ ఇల్లు చిల్లులు తట్టుకోలేదట, కూలిపోతుందట. పైగా అది మూలగృహం. మూలాన్ని ఎవరు మార్చగలరు? షాటులో ఉన్నది ఇంట్లో లేదు, ఇంట్లో ఉన్నది షాటులో లేదు. నియమమేమో రెండూ ఒకటిగా ఉండి తీరాలంటుంది.

మార్తాండరావు గారు ఇందుకు కూడా దారి కనిపెట్టారు. గృహము సక్రమముగానే ఉన్నది, దోషము షాటునందే ఉన్నది అని తేల్చారు. ఆ ప్రకారం సినిమావాళ్ళకి ఉత్తర్వు వెళ్ళింది. వాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని షాటులోంచి ముందుగా కారడం తీసేశారు. కారడం లేనప్పుడు బకెట్టు ఎందుకని బకెట్టు తీసేశారు. బకెట్టు లేని మనిషి ఊరికే నిలబడటం అసహజమని మనిషిని తీసేశారు. మనిషి లేనప్పుడు అందించే చెయ్యి అనుమానాస్పదమని చెయ్యి తీసేశారు. ఇవన్నీ పోయాక వాన ఒక్కటీ అనవసర వ్యయమని వాననీ ఆపేశారు. సవరించిన సినిమాని ఊరూరా ఉచితంగా వేశారు.

పక్క పట్నంలో మాటినీకి సత్తిపండు, నాగరత్నం వెళ్ళారు. అన్నాళ్ళూ ఆ షాటుగా బతకడంతోనే సరిపోయి, దాన్ని వాళ్ళెప్పుడూ చూడనేలేదు. సత్తిపండు నున్నగా గడ్డం గీసుకుని, తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఇల్లు బాగుపడిన సంబరంలో, ఒక్కసారి తెర మీద తమని తాము చూసుకోవాలని ఇద్దరికీ ఉంది. "నా చెయ్యొచ్చినప్పుడు చెప్పు, రెప్ప వేసేస్తానేమో" అని నాగరత్నం రెండుసార్లు అంది.

ఆ సందు వచ్చింది. ఎండగా ఉంది. కథానాయిక పరిగెత్తింది, ఎందుకో ఆమెకే తెలియాలి. ఖాళీ అరుగు, మూసిన తలుపు. షాటు అయిపోయింది.

"నా చెయ్యేదయ్యా?" అంది నాగరత్నం మెల్లగా.

ఆ బకెట్టుని సత్తిపండు తిట్టని తిట్టు లేదు, దాని బారినుంచి బయటపడినందుకు మొక్కని దేవుడు లేడు. అయినా సరే, ఆ ఖాళీ అరుగు చూస్తే ఎవరో తనని తన ఇంట్లోంచే పొమ్మన్నట్టు బాధ కలిగింది. లేచి నిలబడి, "అక్కడ నేనుండాలండీ!" అని అరవబోయాడు. అప్పటికే హాలంతా చప్పట్లు. "ఆహా, ఏం షాటండీ! ఎంత సహజంగా తీశాడో!" అని వెనక వరసలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

బయట గుమ్మం దగ్గర మార్తాండరావు గారు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ అభినందనలు అందుకుంటున్నారు. ఈ ఏడు కూడా మొదటి స్థానం దీనికే వచ్చేట్టుందని ఎవరో చెబుతున్నారు. సత్తిపండు ఎదురుపడేసరికి ఆయన కళ్ళజోడు సవరించుకుని ఎగాదిగా చూశారు.

"తమరిని ఎచ్చటనో చూచినట్లున్నది. తమరెవరు?"

సత్తిపండు నోరు తెరిచాడు. నేనేనండి ఆ బకెట్టు మనిషిని అనే మాట గొంతుదాకా వచ్చింది. నాగరత్నం అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, తను ముందుకొచ్చింది.

"మమ్మల్నెక్కడ చూసుంటారండి మీరు? మా ఇల్లు కారదు."